పురిటి బిడ్డ: ఇంట్లో పెద్దలు సిద్ధం చేసినవాటిలో ఏవి ఆపాలి, ఏవి ఉంచాలి?

రేపల్లె_అమ్మాయి

అందరికీ నమస్కారం. కాన్పుకు ఇంకో మూడు వారాలుంది. తర్వాత మూడు నెలలు పుట్టింట్లోనే ఉంటాను. అమ్మా, అమ్మమ్మా ఇప్పటి నుంచే సరంజామా పోగుచేస్తున్నారు: ఇంట్లో వండిన ఆముదం, వస కొమ్ము, సాంబ్రాణి, కాటుక, ఆవాల దిండు, తేనె సీసా, పొత్తిగుడ్డలకని పెట్టెలోంచి తీసిన పాత చీరలు. నీళ్ళు పోయడానికి ఊళ్ళో ఒక పెద్దావిడను మాట్లాడారు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో "ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు" అని ఒక్క ముక్క ఉంది, మిగతావాటి ఊసే లేదు.

వీటిలో నిజంగా హాని చేసేవి ఏవి, పోనీలే అని వదిలేయగలిగినవి ఏవి, మంచివి ఏవి? "డాక్టరు వద్దన్నారు" అంటే అమ్మమ్మ "మీరంతా ఇలా పెరిగినవాళ్ళే కదే" అంటుంది. అందుకని ఎందుకు వద్దో కారణం కూడా రాయండి. వద్దన్న చోట బదులు ఏం చేయాలో కూడా చెబితే ఇంట్లో మాట్లాడటం తేలికవుతుంది.

పసిపిల్లల_వార్డు_నర్సు

ముందు ఆ పాత చీరల సంగతి చెప్తాను. వస గురించి, కాటుక గురించి అందరూ అడుగుతారు, బట్టల గురించి ఎవరూ అడగరు. ఆ పెట్టెలో కలరా ఉండలు వేశారేమో చూడండి. అవి నాఫ్తలీన్ ఉండలు. ఆ వాసన పట్టిన గుడ్డలో చుడితే ఊపిరితోనూ చర్మం ద్వారానూ అది బిడ్డ ఒంట్లోకి పోతుంది. ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా తేలిగ్గా పోతుంది. జి6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టే పిల్లలు కొందరుంటారు, మగపిల్లల్లో ఎక్కువ. వాళ్ళకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు చాలా వేగంగా పెరుగుతాయి, ఒక్కోసారి రక్తం మార్చాల్సినంతగా. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పుట్టిన రోజున ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి ఆ పెట్టెలోవి పక్కన పెట్టేసి, అమ్మ రోజూ కట్టుకునే నూలు చీరలే ఉతికి ఎండలో ఆరేసి చింపండి. పొత్తిగుడ్డకు పాత నూలు చీరను మించింది లేదు, అది మాత్రం అమ్మమ్మ మాటే కరెక్టు.

ఇక నీళ్ళు పోయడం. మొదటి స్నానం పుట్టిన 24 గంటల తర్వాతే. అప్పటిదాకా మెత్తటి గుడ్డతో తుడిచి, తల్లి గుండెల మీద ఆనించి ఉంచాలి. పుట్టగానే నీళ్ళు పోస్తే బిడ్డ చల్లబడుతుంది, ఒంట్లో చక్కెర తగ్గుతుంది, చన్ను పట్టడం ఆలస్యమవుతుంది. తెల్లగా జిగురులా ఉండే పూత చర్మానికి రక్ష, దాన్ని రుద్ది వదిలించకూడదు. బరువు తక్కువగా పుడితే డాక్టరు సరేననే వరకు తడిగుడ్డతో తుడవడమే.

పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడంలో తప్పేమీ లేదు. అలవాటున్న చేతిలో బిడ్డ జారదు, కొత్త తల్లి ప్లాస్టిక్ తొట్టిలో పోసేదానికంటే అదే భద్రం. చూసుకోవాల్సింది నీళ్ళ వేడి. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు పోసి, చేత్తో బాగా కలిపి, మోచెయ్యి ముంచి చూడాలి. మోచేతికి వెచ్చగానీ చల్లగానీ తెలియకూడదు, అంటే ఇంచుమించు 37 డిగ్రీల సెల్సియస్. పనిచేసి కాయలు కాసిన అరచేతికి వేడి తెలియదు, అరచేత్తో చూస్తే నీళ్ళు ఎప్పుడూ ఎక్కువ వేడిగానే వస్తాయి. ఫ్యాను ఆపేసి, అయిదు నిమిషాల్లో ముగించి, తల ముందు తుడవాలి. తొలి నెలలో సున్నిపిండి వద్దు: చర్మం గీసుకుపోతుంది, మెడ మడతల్లో, గజ్జల్లో పిండి ఇరుక్కుని పుళ్ళు పడతాయి. నూనె జిడ్డు పోవడానికి వాసన లేని సబ్బు కొంచెం, అదీ వారానికి రెండు మూడు సార్లు.

ఆ పెద్దావిడతో పీట వేయకముందే చెప్పాల్సినవి ఉన్నాయి. మధ్యలో చెబితే చెయ్యి ఆగదు.

నోట్లో వేలు పెట్టి గొంతు కెలకొద్దు. కఫం తీస్తున్నామనుకుంటారు, గోరు గీసుకుని అంగిలి పుండవుతుంది. ముక్కులో, చెవిలో నోటితో ఊదొద్దు. ముక్కులో, చెవిలో, గొంతులో నూనె చుక్క వేయొద్దు, ఆముదమైనా సరే, నెయ్యయినా సరే. నూనె దగ్గు రప్పించకుండానే జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ చేరిన నూనెను ఒళ్ళు కరిగించుకోలేదు, తగ్గని న్యుమోనియా వస్తుంది. దక్షిణాది పిల్లల ఆసుపత్రులు దీన్ని బాగా ఎరుగుదురు. ముక్కు దిబ్బడేస్తే మందుల షాపులో సెలైన్ చుక్కలు దొరుకుతాయి, పాలకు ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు చాలు.

చన్నులు పిండొద్దు. ఇది మరీ ముఖ్యం. తల్లి హార్మోన్ల వల్ల పుట్టిన వారంలో ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా రొమ్ము కొంచెం ఉబ్బుతుంది, ఒక్కోసారి పాలచుక్క కూడా వస్తుంది. తాకకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో అణిగిపోతుంది. "పాలు పిండకపోతే గడ్డకడుతుంది" అని నీళ్ళు పోసిన ప్రతిసారీ నొక్కుతారు, ఆ నొక్కుడు వల్లే చీము గడ్డ కట్టి కోయాల్సి వస్తుంది. ఆడపిల్లకైతే భవిష్యత్తులో పాలు పడే రొమ్మే దెబ్బతినొచ్చు.

తల ఒత్తి గుండ్రం చేయడం, ముక్కు లాగడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తడం, డొక్కలు పట్టుకుని ఎగరేయడం కూడా వద్దని చెప్పండి. నీళ్ళు పోసేటప్పుడు కాసేపు ఒత్తితే ఎముక రూపు మారదు, లోపల నెత్తురు నాళాలు మాత్రం చాలా సున్నితం.

మిగిలింది నూనె రాయడం. అది ఉంచండి, మంచిది. కొబ్బరి నూనె గోరువెచ్చగా, అరచేత్తో, పాదాల నుంచి పైకి, కడుపు మీద గడియారం తిరిగే వైపు. పాలు తాగాక ముప్పావుగంట ఆగి చేయాలి. నొక్కడం కాదు, నిమరడం.

సాంబ్రాణి ఆపండి. తల ఆరడానికి తువ్వాలు చాలు. ఆ పొగలోని సన్న రేణువులు వేలెడంత వెడల్పు లేని శ్వాసనాళాల్లోకి పోతాయి, నిప్పుల కుంపటి పక్కన బిడ్డ ఉండటం ఇంకో ప్రమాదం. పౌడరు కూడా అంతే, చల్లితే పీల్చేది బిడ్డే.

బొడ్డుకు ఏమీ పెట్టొద్దు. పసుపు, బూడిద, నూనె, రాతి మీద అరగదీసిన గంధం, ఏదీ వద్దు. లంగోటా బొడ్డు కిందికి మడిచి గాలి తగలనిస్తే ఒకటి రెండు వారాల్లో ఎండి రాలిపోతుంది. రాలేటప్పుడు రెండు మూడు చుక్కల నెత్తురు మామూలే. చుట్టూ పొట్ట చర్మం ఎర్రబడి పాకుతున్నా, చీము, దుర్వాసన ఉన్నా అదే రోజు చూపించాలి. బొడ్డుకు పూసిన బూడిద, పేడ వల్ల ధనుర్వాతంతో చచ్చిపోయిన పిల్లలకు ఒకప్పుడు లెక్కలేదు. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చాక 2015 నాటికి ఆ జబ్బు దేశంలో నిర్మూలన స్థాయికి దిగింది. "మీరంతా ఇలా పెరిగినవాళ్ళే" అన్నప్పుడు అమ్మమ్మను ఒక్కటి మెల్లగా అడగండి: ఆవిడ కాలంలో వీధిలో ఎన్ని పురుళ్ళు, ఎంతమంది మిగిలారు అని. ఆవిడకే బాగా గుర్తుంటుంది.

పాలిచ్చే_తల్లుల_కౌన్సిలర్

నర్సు గారు స్నానం చెప్పేశారు కాబట్టి నేను పాల దగ్గర ఆగుతాను.

పుట్టిన గంటలోపు చన్ను అందించాలి, సిజేరియన్ అయినా సరే. మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పసుపుపచ్చ ముర్రుపాలు మొదట్లో విడతకు చెంచాడంతే ఉంటాయి, అది చూసి "పాలు పడలేదు" అని తేనె, చక్కెర నీళ్ళు, డబ్బా పాలు మొదలుపెడతారు. మొదటి రోజు బిడ్డ కడుపు ఒక విడతకు పట్టేది అయిదారు మిల్లీలీటర్లే. ముర్రుపాలు సరిగ్గా ఆ కొలతకే వస్తాయి. బయటి పాలతో కడుపు నింపితే బిడ్డ చన్ను లాగదు, లాగకపోతే పాలు పడవు. "పాలు పడలేదు" అన్న మాట అలా నిజమై కూర్చుంటుంది.

పట్టు సరిగ్గా కుదిరిందో లేదో చూడటం నేర్చుకుంటే మిగతా సగం గొడవలు ఉండవు. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. తల ఒక్కటే పక్కకు తిప్పి తాగించకూడదు, మనం మెడ తిప్పుకుని నీళ్ళు మింగి చూస్తే ఆ కష్టం తెలుస్తుంది. చనుమొనను బిడ్డ పై పెదవికి, ముక్కుకు ఆనించి ఆగండి. నోరు ఆవలింతంత పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డను మీ వైపుకు తీసుకోండి, మీరు ముందుకు వంగొద్దు. గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి విచ్చుకోవాలి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైవైపే కొంచెం కనపడాలి. చప్పరింపు శబ్దం రాకూడదు, మింగిన గుటక వినపడాలి. మొదటి అరనిమిషం తర్వాత కూడా చనుమొన సలుపుతుంటే బిడ్డ మొనను మాత్రమే పట్టుకుందని అర్థం. చిటికెన వేలు నోటి మూల నుంచి పెట్టి పట్టు విడిపించి మళ్ళీ మొదలుపెట్టండి. ఓర్చుకుంటే పగుళ్ళు వస్తాయి.

రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా. గడియారం చూసి మూడు గంటలకోసారి ఇవ్వడమనేది పాత ఆసుపత్రి పద్ధతి. పెదాలు చప్పరించడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం ఆకలికి గుర్తులు. ఏడుపు ఆఖరి గుర్తు, అప్పటికి బిడ్డ అలసిపోయి సరిగ్గా పట్టదు.

పాలు చాలుతున్నాయా అన్నది రొమ్ము చూసి చెప్పలేం, లంగోటాలు లెక్కపెట్టి చెప్పాలి. అయిదారో రోజు నుంచి 24 గంటల్లో కనీసం ఆరు సార్లు మూత్రం, నల్ల విరేచనం పోయి పసుపు రంగుకు రావడం, మొదట తగ్గిన బరువు రెండు వారాల్లోపు తిరిగి పుట్టినంత అవడం. పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గడం కనిపిస్తుంది, అంతకు మించితే పట్టు సరిచూసే మనిషి కావాలి. ఆ తర్వాత మూడు నెలలదాకా రోజుకు 25–30 గ్రాముల లెక్కన పెరిగితే పాలు చాలుతున్నట్టే.

మే నెల ఎండలోనైనా నీళ్ళు పట్టొద్దు. తల్లిపాలలో 87 శాతం నీళ్ళే. దాహం తల్లి తీర్చుకోవాలి, బిడ్డకు అదే చేరుతుంది.

తేనె ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయొద్దు. అందులో బొట్యులిజం కలిగించే సూక్ష్మజీవి విత్తనాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగులో అవి మొలవవు, పసిబిడ్డ పేగులో మొలిచి విషం వదులుతాయి: మలబద్ధకం, మెడ నిలవకపోవడం, ఏడుపు సన్నగిల్లడం, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు పడిపోవడం. మరిగించినా ఆ విత్తనాలు చావవు.

వస కొమ్ము మీద నాకు మొహమాటం లేదు, ఇంట్లోంచి తీసేయండి. మాటలు త్వరగా వస్తాయని సాన మీద అరగదీసి నాకిస్తారు. దాంట్లోని బీటా అసరోన్ అనే పదార్థం వల్ల పిల్లలకు ఆగని వాంతులు, ఫిట్స్ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకుండా నిషేధించారు. అరగదీసినప్పుడు ఎంత పడిందో ఎవరికీ కొలత తెలియదు, అదే అసలు ప్రమాదం. మాటలు రావాలంటే బిడ్డ ముఖంలో ముఖం పెట్టి మాట్లాడటమే మందు, ఆ పని అమ్మమ్మకంటే బాగా ఎవరూ చేయలేరు.

ఇంకోటి మీరు అడగలేదు: మీ పత్యం. బాలింతకు నీళ్ళు తగ్గించి, పప్పు, కూరలు, పండ్లు ఆపి, కారప్పొడి వెల్లుల్లి అన్నంతో నెట్టుకొచ్చే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు మామూలుకంటే 600 కేలరీలు ఎక్కువ కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన లెక్క. అంటే ఇంకో పూట భోజనమే. వెల్లుల్లి కారం తినండి, దాంతోపాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు కూడా తినండి. "తల్లి చల్లనివి తింటే బిడ్డకు జలుబు" అన్నది జరగదు. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు ఆపొద్దు.

రేపల్లె_అమ్మాయి

అక్కా, కలరా ఉండలు ఉన్నాయి. పెట్టె నిండా. ఆ చీరలు ఈరోజే పక్కకు పెట్టించాను.

ఇంకా రెండు మిగిలాయి. ఆవాల దిండు లేకపోతే తల చదునైపోతుందంటున్నారు. వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయి, బోర్లానో పక్కకో పడుకోబెట్టాలంటున్నారు. వెనక నుంచి అమ్మ ఇంకో మాట: బిడ్డ పచ్చబడితే పొద్దుటెండలో పెడితే చాలు, ఆసుపత్రికి పరిగెత్తక్కర్లేదు అని.

పిల్లల_డాక్టర్_వరంగల్

పడకతో మొదలుపెడతాను. వెల్లకిలా, గట్టి పరుపు లేదా చాప మీద మడిచిన దుప్పటి, తల కింద ఏమీ లేకుండా. పగలైనా, రాత్రయినా, నిద్రంటే వెల్లకిలానే. ఇది చెప్పడానికి డాక్టర్లకూ చాలా కాలం పట్టింది. 1950ల నుంచి పాశ్చాత్య వైద్యులే బోర్లా పడుకోబెట్టమని పుస్తకాల్లో రాశారు, కారణం మీ అమ్మగారు చెప్పేదే: పాలు అడ్డం పడతాయని. నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది బోర్లా పడుకున్నవాళ్ళేనని తేలాక, 1991లో బ్రిటన్, 1994లో అమెరికా వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాయి. ఆ మరణాలు సగానికంటే ఎక్కువ తగ్గాయి, పాలు అడ్డంపడి చనిపోవడం పెరగలేదు.

ఎందుకు పెరగలేదో అమ్మగారికి ఇలా చూపించండి. అరచేతిని గొంతు మీద పెట్టుకోమనండి. గాలి గొట్టం ముందు, ఆహార గొట్టం వెనక. బిడ్డ వెల్లకిలా ఉంటే గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉన్నట్టు. కక్కిన పాలు గాలి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉంటే గాలి గొట్టమే కింద, పాలు దాంట్లోకి జారతాయి. పాలు తాగాక పది పదిహేను నిమిషాలు భుజాన వేసుకుని త్రేన్పు రప్పించి పడుకోబెడితే చాలు. పక్కకు తిప్పిన బిడ్డ నిద్రలో బోర్లాకు దొర్లిపోతుంది, కాబట్టి అది మధ్యేమార్గం కాదు.

ఆవాల దిండు తల గుండ్రం చేయదు. మెడ ముందుకు వంగి గాలి దారి ఇరుకవుతుంది, కుట్టు ఊడితే ఆవగింజ ముక్కులోకి, నోట్లోకి పోతుంది. తల చదునవడం ఒకే వైపు తిప్పి పడుకోవడం వల్ల వస్తుంది. బిడ్డ వెలుతురు వైపు, అమ్మ వైపు చూస్తుంది కనుక, ఈరోజు తల తూర్పు వైపు పెడితే రేపు పడమర వైపు పెట్టండి, మెడ దానంతటదే మారుతుంది. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు రెండు మూడు సార్లు మూడు నుంచి అయిదు నిమిషాలు బోర్లా వేసి ఎదురుగా కూర్చోండి, మొదటి వారం నుంచే. తల వెనక ఒత్తిడి తగ్గుతుంది, మెడ బలపడుతుంది.

చీర ఉయ్యాలలో బిడ్డ వీపు వంగి గడ్డం గుండెకు ఆనుతుంది. జోకొట్టడానికి వాడండి, ఎదురుగా మనిషి ఉండగా. నిద్రపట్టాక చదును పడక మీదికి మార్చండి. తల్లి పక్కలో పడుకోబెట్టే అలవాటు మనది, అందులో తప్పు వెతకను: కానీ అదే పక్క మీద పొగతాగేవాళ్ళు, మందు తాగినవాళ్ళు ఉండకూడదు, బరువైన దుప్పట్లు, దిళ్ళు బిడ్డ దగ్గర ఉండకూడదు, సోఫాలో బిడ్డతో కునుకు తీయకూడదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకైతే పక్కనే వేరే పరుపు. గొడుగు దోమతెర మంచిదే.

ఇప్పుడు కామెర్లు. ఇక్కడ అమ్మగారి మాట వినొద్దని సూటిగా చెప్తున్నాను. ఆసుపత్రి నుంచి రెండో మూడో రోజు పంపించేస్తారు, కామెర్లు ఎక్కువయ్యేది మూడు నుంచి అయిదో రోజు. అంటే అసలు ప్రమాదం ఇంట్లో ఉండగా వస్తుంది. రోజూ పగటి వెలుతురులో, ట్యూబులైటు కింద కాదు, నుదురు, ఛాతీ, పొట్ట, అరికాలు వరసగా వేలితో నొక్కి వదిలి ఆ తెల్లబడ్డ చోట రంగు చూడండి. పసుపు ముఖం నుంచి కిందికి దిగుతుంది. పుట్టిన 24 గంటల్లోపు పచ్చదనం కనపడినా, అరచేతులకు, అరికాళ్ళకు దిగినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా ఆ పూటే ఆసుపత్రి. కామెర్లలో ఒంటికి పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ అనే పదార్థం మెదడుకు ఎక్కితే వినికిడి, నడక పోతాయి, తర్వాత ఏ మందూ తిరిగి ఇవ్వలేదు. ఆసుపత్రిలో వాడే నీలి కాంతి కొలిచిన కాంతి, ఒళ్ళంతా గంటల తరబడి తగులుతుంది. పొద్దుటెండ ఆ పని చేయలేదు, బిడ్డ ఒళ్ళు చల్లబడటమో, ఎండిపోవడమో జరుగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఒక రోజు వృథా అవుతుంది. పసరు కళ్ళలో, చెవిలో పిండించడం, వాతలు పెట్టించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఎండ విటమిన్ డి కోసమూ సరిపోదు. పుట్టిన మొదటి రోజుల నుంచి ఏడాదిదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు. మార్కెట్లో ఒక మిల్లీలీటరుకు 400 యూనిట్లవీ, 800 యూనిట్లవీ రెండూ ఉన్నాయి. సీసా మారితే 1 మి.లీ.నా, 0.5 మి.లీ.నా అని లేబుల్ చదివి ఇవ్వండి, పాత సీసా డ్రాపరు కొత్త సీసాకు వాడకండి.

కాటుక కంట్లో పెట్టొద్దు, కొన్నింటిలో సీసం ఉంటుంది, ఇంట్లో పట్టిన మసి కూడా కన్నీటి దారి మూసేస్తుంది. కన్ను ఊరికే కారుతూ పుసి కడుతుంటే, గోరు తీసిన వేలితో కంటి లోపలి మూలన ముక్కు ఎముక మీద ఆనించి కిందికి జారేలా పది సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు నొక్కండి. చాలామందికి ఏడాదిలోపు దారి తెరుచుకుంటుంది. తెల్లగుడ్డు ఎర్రబడితే చూపించాలి. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

బీసీజీ టీకా వేసిన చోట మూడు నాలుగు వారాలకు చిన్న బుడిపె లేచి, చీముపట్టి, పగిలి మచ్చ పడుతుంది. అది టీకా పని చేస్తున్న తీరు. పసుపు, ఆయింట్‌మెంట్ ఏదీ రాయొద్దు.

మడికొండ_కోడలు

డాక్టర్ గారూ, జ్వరానికి పారాసిటమాల్ ఇంట్లో ఉంచుకోవచ్చా? కడుపునొప్పికి గ్రైప్ వాటర్ పట్టిస్తే ఏమవుతుంది?

పిల్లల_డాక్టర్_వరంగల్

రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరం తగ్గించే మందు ఇంట్లో ఇవ్వొద్దు, ఆ జ్వరమే మాకు కావాల్సిన గుర్తు. డిజిటల్ థర్మామీటరు చంకలో పెట్టండి. 97.7 నుంచి 99.5 ఫారన్‌హీట్ మామూలు. 99.5 దాటితే, మరీ ఎక్కువ గుడ్డలు చుట్టి ఉంటే ఒక పొర తీసి పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే అర్ధరాత్రయినా బయల్దేరాలి. 95.9 కంటే చల్లబడినా అంతే ప్రమాదం.

రెండు నెలలు దాటాక డాక్టరు రాస్తే కిలోకు 15 మిల్లీగ్రాములు. తప్పు జరిగేది ఎక్కడంటే, చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి, సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 లేదా 250. అయిదు కిలోల బిడ్డకు 75 మిల్లీగ్రాములు కావాలి: చుక్కలైతే 0.75 మి.లీ., 125 సిరప్ అయితే 3 మి.లీ. చుక్కల మందును సిరప్ లెక్కన 3 మి.లీ. పోస్తే నాలుగింతలు పడుతుంది. అలా రెండు మూడు సార్లు పడితే కాలేయం దెబ్బతింటుంది.

గ్రైప్ వాటర్ ఏడుపు తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. సాయంత్రాలు గుక్కపట్టి ఏడవడం ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది. పాపం ఆ గంటలు ఇంటిల్లిపాదికీ కష్టమే. భుజాన వేసుకుని నడవడం, ఒంటికి ఒళ్ళు ఆనించడం, చీకటి గదిలో సన్నగా హుష్ మనడం చేయండి. విసుగొస్తే బిడ్డను పడకలో వెల్లకిలా పెట్టి పది నిమిషాలు పక్క గదికి వెళ్ళండి. బిడ్డను పట్టుకుని గట్టిగా కుదపకూడదు, మెదడులో రక్తస్రావమవుతుంది. ఏడుస్తూ ఆకుపచ్చటి వాంతి చేసుకున్నా, విరేచనంలో నెత్తురు కనపడినా అది మామూలు కడుపునొప్పి కాదు.

అంగన్‌వాడీ_టీచర్

ముందుచూపుగా అన్నప్రాశన సంగతి చెప్తాను. ఆడపిల్లకు అయిదో నెలలో చేస్తారు చాలా ఇళ్ళల్లో. వేడుక చేసుకోండి, ఒక మెతుకు నాలుకకు తాకించండి, కానీ తిండి మొదలుపెట్టేది 180 రోజులు నిండాకే.

మొదలుపెట్టాక మనవాళ్ళు చేసే తప్పు పలచన. పప్పుకట్టు, చారు అన్నం, రాగి జావ గ్లాసులో పోస్తే తాగేలా చేస్తారు. కడుపు నిండుతుంది, బలం పట్టదు. చెంచా వంచితే జారి పడకుండా నిలిచేంత చిక్కగా మెత్తగా మెదపండి. రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు, మధ్యలో తల్లిపాలు. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి, మెదిపిన ఆకుకూర. గుడ్డు ఆరో నెల నిండగానే పెట్టొచ్చు, పచ్చసొన ఒక్కటే కాదు, బాగా ఉడికించి మొత్తం. వేరుశనగ పిండిగా కలపొచ్చు, గింజ మాత్రం అయిదేళ్ళదాకా వద్దు, ఊపిరికి అడ్డుపడుతుంది. ఉప్పు, చక్కెర ఏడాదిదాకా అక్కర్లేదు. ఆవుపాలు, గేదెపాలు తాగే పాలుగా ఏడాది తర్వాతే, వాటిలో ఐరన్ దాదాపు ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత తేలింది, అందుకే ఆరో నెల నుంచి ఆశ కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు మానకుండా పట్టండి. మలం నల్లగా వస్తుంది, భయం లేదు.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం దాని మీద రాసిన నీళ్ళలో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. టెట్రా ప్యాక్‌లో ఆ పేరుతో అమ్మిన తీపి పానీయాలు వేరు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆ పేరు వాడకుండా ఆహార భద్రత సంస్థ ఆపింది.

రేపల్లె_అమ్మాయి

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. వస, తేనె, దిండు మూడూ తీసేయడానికి అమ్మ ఒప్పుకుంది. గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాక దిండు విషయంలో ఇంకేం అనలేదు. అమ్మమ్మే చిన్నబుచ్చుకుంది, "ఇక నేను చేయాల్సిందేముంది" అని.

పసిపిల్లల_వార్డు_నర్సు

చాలా ఉంది. రాత్రి రెండు నుంచి అయిదు మధ్య మీరు పాలిచ్చాక బిడ్డను ఆవిడకు ఇచ్చేయండి, త్రేన్పు రప్పించి పడుకోబెట్టే బాధ్యత ఆవిడది. బిడ్డ చల్లబడితే జాకెట్టు లోపల గుండెకు ఆనించుకుని కూర్చోవడం ఆవిడ కూడా చేయొచ్చు, చర్మానికి చర్మం తగిలేలా, బిడ్డకు టోపీ, లంగోటా మాత్రమే ఉంచి, పైన శాలువా కప్పి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గోడ గడియారం సెకన్ల ముల్లు చూస్తూ పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి, పూర్తి నిమిషం. పసిబిడ్డ ఊపిరి ఆగి ఆగి వస్తుంది కనుక అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చేస్తే తప్పొస్తుంది. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే రెండోసారి లెక్కపెట్టాలి, అప్పుడూ అంతే ఉంటే, లేదా ఊపిరి తీసినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంటపడుతుంటే వెంటనే తీసుకెళ్ళాలి.

తడి లంగోటాల లెక్క క్యాలెండర్ మీద గీతలు పెట్టే పని కూడా ఆవిడకే ఇవ్వండి. ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆ క్యాలెండర్ ఆమెకు చూపించేది అమ్మమ్మే అయితే బాగుంటుంది.